చేతిపని: గుమ్మం పక్కన చిలక్కొయ్య

మన ఊళ్ళలో పాత పెంకుటిళ్ళు చూసినవాళ్ళకి చిలక్కొయ్య గుర్తుండే ఉంటుంది. గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టగానే గోడకు దిగ్గొట్టిన చెక్క కొయ్య అది. చివర చిలకలా చెక్కేవారు కనక ఆ పేరు. తాతగారి కండువా, గొడుగు, చేతిసంచీ, బళ్ళోంచి వచ్చిన పిల్లవాడి చొక్కా, అన్నీ దానికే వేళ్ళాడేవి. పక్కనే గోడలో ఒక గూడు. తాళంచెవులు, అగ్గిపెట్టె, పోస్టులో వచ్చిన కార్డులు అందులో ఉండేవి. దీనికి అప్పట్లో ఎవరూ గొప్ప పేరు పెట్టలేదు. ఇప్పుడు అదే వస్తువుని ఇక్కడి కొట్లలో "ఎంట్రీవే ఆర్గనైజర్" అని అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు.

మన అమెరికా ఇళ్ళలో గుమ్మం సంగతి మీకు చెప్పక్కర్లేదు. బూట్లు కుప్పగా ఒకచోట, కోటు సోఫా మీద, స్కూలు సంచీ మెట్ల మీద, ఉత్తరాలు డైనింగ్ టేబుల్ మీద, కారు తాళాలు మాత్రం ఆ వేంకటేశ్వరస్వామికే తెలియాలి. బస్సు వచ్చే వేళకి ఇల్లంతా ఒకటే వెతుకులాట. అందుకని ఈసారి "చేతిపని"లో గరాజ్‌లో పడి ఉన్న పాత చెక్కలతో గోడకు తగిలించే ఆర్గనైజర్ ఒకటి చేద్దాం. రెండు శనివారాలు చాలు. పిల్లలు కూడా చేయదగ్గ పని ఇందులో సగానికి పైగా ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. కొట్లో కొన్నది గోడ కొలతకి వస్తుంది. మనం చేసుకునేది మన ఇంట్లో మనుషుల కొలతకి రావాలి. మిగతావన్నీ ఆ తరవాతే.

ముందు మనుషుల్ని కొలవండి

ఇంట్లో అందరినీ గోడకి ఆనించి నిలబెట్టి, ఒక్కొక్కరి భుజం ఎత్తు దగ్గర పెన్సిల్‌తో గీత గీయండి. చెయ్యి భుజం కన్నా పైకి ఎత్తనక్కర్లేకుండా అందేదే మంచి కొయ్య. పిల్లలకి పొట్టి వల్ల, పెద్దవాళ్ళకి భుజం నొప్పి వల్ల, అంతకన్నా పైన ఉన్నది అందదు. అందని కొయ్య ఉన్నా లేనట్టే. వాళ్ళ సామాను మళ్ళీ నేల మీదకో కుర్చీ మీదకో వస్తుంది.

కాబట్టి మనం రెండు పలకలు చేద్దాం. పై పలక, ఇంట్లో పెద్దవాళ్ళలో అందరికన్నా పొట్టివాళ్ళ భుజం ఎత్తులో. కింది పలక, అందరికన్నా చిన్న పిల్లవాడి భుజం ఎత్తులో. పొడుగువాళ్ళు చెయ్యి కిందకి దించగలరు, పొట్టివాళ్ళు చెయ్యి సాగదీసుకోలేరు కదా! మా ఇంట్లో పై పలక 48 అంగుళాల ఎత్తులో వచ్చింది. ఆరడుగుల మా వారు మొదట "ఇంత కిందనా?" అన్నారు. వారం తిరగకుండా అలవాటు పడిపోయారు.

ఇంకో సంగతి. కింది పలకని పై పలక కిందే పెట్టకండి. పెద్దవాళ్ళ కోట్లు పిల్లల సంచుల మీద పడి కప్పేస్తాయి. పక్కకి జరిపి పెట్టండి. పసిపిల్లలు పరుగెత్తే దారికి ఎదురుగా కూడా వద్దు, కొయ్య కంటికి తగలొచ్చు. తలుపు వెనక మూల అయితే మేలు.

చెక్క ఎక్కడ దొరుకుతుంది, ఏది ముట్టుకోకూడదు

పాత షెల్ఫు, విరిగిన మంచం పట్టీలు, డెక్ కట్టగా మిగిలిన ముక్కలు, చీపురు కర్ర, ఏదైనా పనికొస్తుంది. మనలో చాలామంది గరాజుల్లో ఇంకో వస్తువు కూడా ఉంటుంది. ఒక పక్క కిందకి జారే పాతరకం క్రిబ్. ఆ జారే పక్క ఊడి, సందులో ఇరుక్కుని పసివాళ్ళు చనిపోవడంతో 2011 జూన్ 28 నుంచి అలాంటి క్రిబ్‌లు అమ్మడాన్ని అమెరికా ప్రభుత్వం నిషేధించింది. పాతవి ఇంకొకరికి అమ్మకూడదు, దానం ఇవ్వకూడదు. బిడ్డ పడుకున్నది, పారేయడానికి మనసొప్పదు. మా పెద్దమ్మాయి క్రిబ్ అలాగే ఏళ్ళ తరబడి గోడకి ఆనుకుని ఉండిపోయింది. చివరికి దాని గుండ్రటి ఊచలే మా కొయ్యలయ్యాయి.

కొట్ల వెనకాల పడి ఉండే ప్యాలెట్ల చెక్క కూడా బాగుంటుంది, కానీ అడిగి తీసుకోండి. నీలం, ఎరుపు రంగులు వేసినవి సాధారణంగా అద్దెకి తిప్పే కంపెనీల సొత్తు, వాటి జోలికి పోవద్దు. దేశాలు దాటి వచ్చే ప్యాలెట్ల మీద గోధుమ వెన్ను బొమ్మతో ఒక ముద్ర ఉంటుంది. అందులో రెండక్షరాలు దేశం పేరు. మన దేశంలో తయారైనదైతే "ఐఎన్" అని ఉంటుంది. ఆ పక్కన "హెచ్‌టీ" అని ఉంటే పురుగు చావడానికి చెక్క లోపలి దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి 30 నిమిషాల పాటు పట్టించారని అర్థం. అది వాడుకోవచ్చు. "ఎంబీ" అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు. దాన్ని ఇంట్లోకి తేవద్దు. నూనె మరకలు, మందుల వాసన ఉన్నవీ వద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు. 1978కి ముందు కట్టిన ఇంట్లోంచి ఊడదీసిన రంగు చెక్కలో సీసం ఉండే అవకాశం ఉంది. దాన్ని గీకితే లేచే దుమ్ము పిల్లలకి చాలా ప్రమాదం. అలాగే 2003కి ముందు కట్టిన డెక్‌లు, కంచెల చెక్కలో ఆర్సెనిక్ కలిసిన మందు పట్టించి ఉండొచ్చు. ఇళ్ళకి వాడే చెక్కలో ఆ మందు వాడకం 2003 చివరితో ఆగింది. పాత డెక్ చెక్కని కోయకండి, నున్న చేయకండి, పొయ్యిలో పెట్టకండి.

కావలసినవి

పై పలకకి 1×6 చెక్క, 36 అంగుళాల పొడవు. పైన అరకి 1×4 చెక్క, అంతే పొడవు. కింది పలకకి 2×4 చెక్క, 20 అంగుళాలు. కొయ్యలకి ముప్పావు అంగుళం లావు గుండ్రటి కర్ర, సుమారు రెండడుగులు. అర అంచుకి సన్నటి పట్టీ ఒకటి. వడ్రంగం జిగురు, స్క్రూలు, శాండ్ పేపరు. రంపం, డ్రిల్లు, మూలమట్టం, రసమట్టం. కళ్ళద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి.

కొత్తవాళ్ళని తికమక పెట్టే సంగతి ఒకటుంది. ఇక్కడ 2×4 అని అమ్మే చెక్క నిజానికి 1.5 అంగుళాల మందం, 3.5 అంగుళాల వెడల్పు ఉంటుంది. 1×6 అంటే ముప్పావు అంగుళం మందం, 5.5 వెడల్పు. చిత్రిక పట్టాక మిగిలిన కొలతలన్నమాట. టేపు పెట్టి కొలిచి చూసుకున్నాకే కోయండి.

మొదటి శనివారం: కోయడం, నున్న చేయడం, అతకడం

పాత చెక్కలో మేకులు మిగిలాయేమో ముందు చూడండి. ఒక్క మేకు చాలు రంపం పళ్ళు పోగొట్టడానికి. తరవాత కొలతల ప్రకారం కోసుకోండి. శాండ్ పేపరు 80 నంబరుతో మొదలుపెట్టి, 120, ఆ తరవాత 220. ఎప్పుడూ చెక్క నార వెంట రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు పడతాయి. ఈ పని పిల్లలకి అప్పగించండి. చేత్తో తడిమి చూసి "నాన్న బుగ్గలా ఉందా, అమ్మ బుగ్గలా ఉందా?" అని అడిగితే ఎంతసేపైనా రుద్దుతారు.

పై పలక మీద ఒక చివర నుంచి 6, 14, 22, 30 అంగుళాల దగ్గర గుర్తులు పెట్టండి. ఇవి నాలుగు కొయ్యల స్థానాలు. కింది పలక మీద 5, 15 అంగుళాల దగ్గర రెండు. స్క్రూలకి వేరే గుర్తులు: పై పలకకి 2, 18, 34 దగ్గర, కింది పలకకి 2, 18 దగ్గర. ఈ లెక్క ఎందుకో గోడ దగ్గరకి వెళ్ళాక తెలుస్తుంది.

కొయ్యల రంధ్రం కర్ర లావుకి సరిగ్గా సరిపోవాలి. క్రిబ్ ఊచలు, చీపురు కర్రలు రకరకాల లావుల్లో ఉంటాయి. పనికిరాని ముక్క మీద ఒక రంధ్రం చేసి, కర్ర దూర్చి చూసి, అప్పుడు అసలు పలక మీద చేయండి. డ్రిల్లుని కొద్దిగా వంచి పట్టుకుంటే కొయ్య కొస పైకి చూస్తూ నిలబడుతుంది, తగిలించినది జారిపోదు. ఐదు నుంచి పది డిగ్రీల వంపు చాలు. పలక వెనక ఇంకో చెక్కముక్క పెట్టి రంధ్రం చేస్తే అవతలి పక్క చిట్లదు.

పై పలకకి కొయ్య 3 అంగుళాలు బయటకి ఉండాలి, కింది పలకకి 2.5 చాలు. రంధ్రంలో జిగురు రాసి, కర్ర వెనక దాకా దూరేలా కొట్టండి. వెనక్కి పొడుచుకొచ్చినది జిగురు ఆరాక రంపంతో కోసేయండి. ముందు కొసలు గుండ్రంగా రుద్దాలి. బరువైన స్కూలు సంచులు తగిలేది కింది పలకకే. అందుకే దానికి మందపాటి 2×4 తీసుకున్నాం. రంధ్రం ఎంత లోతుంటే జిగురు అంత పట్టు పడుతుంది.

1×4 చెక్కని పై పలక నెత్తిన అరలా పెట్టి, జిగురు రాసి, పైనుంచి నాలుగు స్క్రూలు బిగించండి. స్క్రూకన్నా సన్నటి రంధ్రం ముందే చేసుకోకపోతే పలక చీలుతుంది. అర ముందు అంచుకి పట్టీ కొడితే తాళాలు, ఉత్తరాలు జారి పడవు. మన పాత గూడు ఇదే. జిగురు అతికినచోట గంటసేపు బిగించి ఉంచండి. ఒక రోజంతా గడిచాకే బరువు మోపాలి.

రంగు మీ ఇష్టం. లిన్సీడ్ నూనె పూసేవాళ్ళకి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి నిప్పు రాజుకుంటుంది. గరాజులు తగలబడటానికి అదొక కారణం. ఆ గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా పరిచి పూర్తిగా ఆరనివ్వండి, లేదా మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి ముంచి ఉంచండి.

రెండో శనివారం: గోడ లోపల ఏముంది?

మన ఊళ్ళో గోడంటే ఇటుకో మట్టో, ఎక్కడ కొట్టినా మేకు నిలుస్తుంది. ఇక్కడి గోడ చాలావరకు అర అంగుళం మందం డ్రైవాల్. వెనక డొల్ల. దాన్ని మోసేవి లోపల నిలువుగా ఉన్న స్టడ్‌లు. ఒక స్టడ్ మధ్య నుంచి ఇంకో స్టడ్ మధ్యకి మామూలుగా 16 అంగుళాలు. మనం 2, 18, 34 దగ్గర గుర్తులు పెట్టింది అందుకే. మూడు స్టడ్‌లు సరిగ్గా ఆ గీతల వెనక్కి వస్తాయి.

పిల్లలూ, ఇప్పుడు మీ వంతు. డ్రైవాల్‌ని స్టడ్‌లకి బిగించిన స్క్రూలు రంగు కింద దాగి ఉంటాయి. గట్టి అయస్కాంతం ఒకటి తీసుకుని గోడ మీద మెల్లగా జరపండి. ఎక్కడ అతుక్కుంటే అక్కడ ఇనుము ఉంది. దాని కిందా పైనా కూడా అతుక్కుంటే మీరు స్టడ్ కనిపెట్టేశారన్నమాట. అక్కడ టేపు ముక్క అంటించండి. అక్కడి నుంచి 16 అంగుళాలు కొలిచి, రెండోది ఉందో లేదో అయస్కాంతంతోనే రుజువు చేయండి. లెక్క తప్పిందంటే ఆ గోడ వేరే ఎడంతో కట్టారని అర్థం. అప్పుడు పలక మీది స్క్రూ గుర్తులు మార్చుకోవాలి.

పెద్దవాళ్ళకి ఒక హెచ్చరిక. గుమ్మం పక్కన లైట్ స్విచ్ ఉంటుంది. దాని వైర్లు స్టడ్ వెంట పైకో కిందకో పోతాయి. స్విచ్‌కి నేరుగా పైన, కింద స్క్రూ దింపకండి. మరీ పొడవు స్క్రూలు కూడా వద్దు. పై పలకకి 2.5 అంగుళాల స్క్రూ తీసుకుంటే పలకకి ముప్పావు, డ్రైవాల్‌కి అర పోను, స్టడ్‌లోకి ఒకటింపావు దిగుతుంది. కింది పలకకి 3 అంగుళాలది చాలు, స్టడ్‌లోకి అంగుళం దిగుతుంది. ఒక్కో స్టడ్‌కి రెండేసి స్క్రూలు. ముందు ఒకటి బిగించి, రసమట్టం పెట్టి బుడగ మధ్యకి వచ్చాక మిగతావి బిగించండి.

అద్దె ఇళ్ళవాళ్ళు మేనేజర్ని ఒక మాట అడగండి. మొత్తం పది చిన్న రంధ్రాలు. ఖాళీ చేసేటప్పుడు స్పాకిల్ పెట్టి, రుద్ది, రంగు వేస్తే సరిపోతుంది. కుదరదంటే కింది పలక ఒక్కటే పెట్టుకోండి, నాలుగు రంధ్రాలతో పోతుంది.

బిగించాక పరీక్ష. కింది కొయ్యకి 20 పౌండ్ల సోనామసూరి బియ్యం బస్తాని సంచీలో పెట్టి ఒక రాత్రంతా వేలాడదీయండి. పై కొయ్యలకి 10 పౌండ్లది చాలు. తెల్లారేసరికి కదలకుండా ఉంటే ఇక ఏ స్కూలు సంచీకీ భయపడక్కర్లేదు.

నాలుగో కొయ్య ఎవరిది?

నలుగురు మనుషుల ఇంట్లో, పిల్లలిద్దరికీ కింద ఉన్నాక, పైన నాలుగు కొయ్యలెందుకని మీరు అడగొచ్చు. మన తల్లిదండ్రులు వస్తే ఒక్కోసారి ఆరు నెలలుంటారు. ఆ ఆరు నెలలూ వాళ్ళ స్వెట్టరు ఎక్కడ ఉంటోందో ఎప్పుడైనా గమనించారా? మా అత్తగారు 2018 చివర్లో ఏలూరు నుంచి మిషిగన్ వచ్చారు. ఒకరోజు బయటికి బయల్దేరుతూ, "అత్తయ్యగారూ, మీ శాలువా ఏదీ?" అని అడిగాను. "పెట్టెలో ఉందమ్మా. ఎక్కడ పెడితే ఎవరికి అడ్డమో అని" అన్నారు. కొడుకు ఇంటికొచ్చి రెండు నెలలైనా ఆవిడ సామాను సూట్‌కేసులోంచి బయటికి రాలేదు.

2019 జనవరిలో మధ్యాహ్నం పూట ఆవిడ చెత్త డబ్బాలో ఏదో వేద్దామని చెప్పులతో బయటికి వెళ్ళారు. వెనకాలే తలుపు మూసుకుని తాళం పడింది. ఇంట్లో ఎవరూ లేరు. చుట్టూ మంచు. చేతిలో తాళంచెవి లేదు, ఫోను లేదు. మా నంబర్లు నోటికి రావు, ఇంగ్లీషు రాదు. పక్కింటావిడ కిటికీలోంచి చూసి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది కాబట్టి సరిపోయింది. ఎంతసేపు నిలబడ్డారో ఆవిడ ఇప్పటికీ సరిగ్గా చెప్పరు. "కాసేపేలే" అంటారు.

ఆ నెలలోనే మా గుమ్మం పక్కకి ఈ పలకలు వచ్చాయి. కొలతకి ఆవిడ భుజమే ఆధారం. నాలుగో కొయ్య ఆవిడది. దానికి కోటు, శాలువా. వాటితో పాటు మెళ్ళో వేసుకునేలా తాడు కట్టిన ఇంటి తాళంచెవి, ఒక కార్డు. కార్డు మీద ఇంగ్లీషులో ఇంటి అడ్రసు, మా ఇద్దరి ఫోన్ నంబర్లు, ఆవిడ వాడే మందుల పేర్లు, "నాకు తెలుగు మాత్రమే వచ్చు" అన్న ఒక్క వాక్యం. తలుపు తీసే ముందు చెయ్యి ఆ కొయ్య మీద పడటం వారంలో అలవాటైపోయింది. తరవాత ఆవిడ ఒక్కరే వీధి చివరి దాకా నడిచి వచ్చేవారు. అంతకు ముందు మేం ఆఫీసుల నుంచి వచ్చేదాకా కిటికీ దగ్గరే కూర్చునేవారు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నా, వేసవికి రాబోతున్నా, మిగతాదేమీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి. వాళ్ళ ఎత్తులో ఒక కొయ్య, దానికి ఒక తాళంచెవి, ఒక కార్డు.

పిల్లలకి ఆఖరి పని

ఒక్కో కొయ్య పైన ఆ మనిషి పేరు తెలుగులో రాయాలి. ముందు పెన్సిల్‌తో, తరవాత సన్నటి కుంచెతో. "అమ్మ", "నాన్న" తేలిక. "నానమ్మ", "తాతయ్య" దగ్గర ఒత్తులు వస్తాయి, అమ్మని అడగండి. అమ్మమ్మ వచ్చే ఇల్లైతే "మ్మ" రెండుసార్లు రాయాల్సి ఉంటుంది, చెక్క మీద చోటు చూసుకోండి. తెలుగు బడిలో పదిసార్లు రాసినా రాని అక్షరం, రోజూ కోటు తగిలించేచోట ఉంటే వచ్చేస్తుంది. మా పెద్దమ్మాయి తొమ్మిదేళ్ళప్పుడు రాసిన "నానమ్మ"లో మకారం కొంచెం పక్కకి ఒరిగి ఉంటుంది. మేం దిద్దలేదు.

మా అత్తగారు తిరిగి వెళ్ళేటప్పుడు శాలువా ఆ కొయ్యకే వదిలేసి వెళ్ళారు. మోకాళ్ళ నొప్పుల వల్ల మళ్ళీ రాలేకపోయారు. ఇప్పటికీ వీడియో కాల్‌లో, "నా కొయ్యకి ఏం తగిలించారే?" అని మనవరాలిని అడుగుతారు. "ఏమీ లేదు నానమ్మా, నీ శాలువానే" అంటుంది అది. ఇంట్లో కోట్లు ఎన్ని పెరిగినా ఆ కొయ్య జోలికి ఎవరూ పోరు.

మీరు చేసిన ఆర్గనైజర్ ఫోటో తీసి సంపాదకులకి పంపించండి, పిల్లలు రాసిన పేర్లు కనపడేలా. వచ్చే సంచికలో, ఇందులో మిగిలిన ముక్కలతోనే చెప్పుల స్టాండు చేద్దాం. ముక్కలు పారేయకండి!